ఉఠావ్, ఉతారో

1974 ఫిబ్రవరిలో నేను హైదరాబాదు పాతబస్తీ అంచున, కంచన్‌బాగ్ పోయే దారిలో ఉన్న ఒక ఇనుప పోత కర్మాగారంలో అసిస్టెంట్ ఫోర్మన్‌గా చేరాను. కర్మాగారం పేరు చెప్పను. అది మూతపడి చాలా ఏళ్లయింది గాని అందులో పనిచేసినవాళ్లు కొందరు ఇంకా ఉన్నారు. నీటి పంపుల తొడుగులు, లేత్ యంత్రాల బెడ్లు, పెద్ద పెద్ద పుల్లీలు మేము పోసేవాళ్లం. నాది ఏడాది ప్రొబేషన్. ఫోర్మన్ పదవి అప్పట్లో ఖాళీగా ఉండటంతో నా పైన నేరుగా వర్క్స్ మేనేజరు దామోదర్ రావుగారే ఉండేవారు. నా కింద ఇద్దరు చార్జిమెన్, వాళ్ల కింద ఇసుక అచ్చులు చేసే మోల్డర్లు, ఖలాసీలు, హెల్పర్లు కలిసి అరవైమంది దాకా పనిచేసేవాళ్లు.

ఈ పని తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. మనకు ఏ వస్తువు కావాలో దాని ఆకారంలో తడి ఇసుకలో బోలు తయారు చేస్తాం. ఆ ఇసుకను రెండు ఇనుప చట్రాల్లో సగం సగంగా దట్టిస్తాం. వీటినే బాక్సులంటాం. కింది బాక్సు నేలమీద ఉంటుంది. పై బాక్సును క్రేనుతో తెచ్చి దానిమీద మూతలా కూర్చోబెట్టి, కన్నంలోంచి కరిగిన ఇనుము పోస్తాం. పెద్ద పనుల్లో పై బాక్సు ఒక్కటే టన్నుకు పైగా తూగుతుంది. అంత బరువును వెంట్రుకవాసి తేడా రాకుండా దించాలి. కొంచెం తగిలినా లోపలి ఇసుక రాలుతుంది, రెండు రోజుల పని వృథా అవుతుంది.

ఆ దించే పని క్రేన్ ఆపరేటరుది. షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచే క్రేను అది. ఇరవై అడుగుల ఎత్తున వేలాడే చిన్న గదిలో అతను కూర్చుంటాడు. అంత ఎత్తునుంచి అతనికి బాక్సు నడినెత్తి కనిపిస్తుంది గాని అంచులు కనిపించవు. కింద నిలబడి అతనికి కన్నుగా పనిచేసేవాడు ఖలాసీ. గొలుసులు తగిలించడం, బరువును చేత్తో పట్టి దారిలో పెట్టడం, ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో చెప్పడం ఖలాసీ పని.

మా క్రేన్ ఆపరేటరు ఖాజా మియా. నలభై దాటిన మనిషి. హుస్సేనీ ఆలం నుంచి సైకిలు మీద వచ్చేవాడు. క్యాబిన్‌కు ఎక్కేముందు చెప్పులు నిచ్చెన కింద విడిచేవాడు. మాట తక్కువ. నిండు గ్లాసు నీళ్లు హుక్కుకు తగిలించినా చుక్క ఒలకనీయడని షాపులో అతనికి పేరు. హెడ్ ఖలాసీ ఎల్లయ్య. ఛత్రినాకలో ఇల్లు. యాభైకి దగ్గరపడ్డాడు. వయసులో ఉండగా బొంబాయి గోదీలో, అంటే ఓడరేవులో, పన్నెండేళ్లు సరుకు ఎత్తి దించిన మనిషి. ఖాజాకు భిన్నంగా ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేవాడు. ఇద్దరూ పదకొండేళ్లుగా జతగా పనిచేస్తున్నారు. ఇంటినుంచి తెచ్చుకున్నది మధ్యాహ్నం ఒకే గోనెపట్టా మీద కూర్చుని తినేవాళ్లు.

నేను తెనాలి వైపువాణ్ణి. అంతకుముందు బెజవాడలో ఒక చిన్న వర్క్‌షాపులో చేశాను. హైదరాబాదులో ఉద్యోగం ఖాయం కాగానే ఉర్దూ నేర్పే పుస్తకం ఒకటి కొని, అద్దె గదిలో కూర్చుని పాఠాలు వల్లెవేశాను. షాపులో పని భాష ఉర్దూ అనీ, అది రాని అధికారి మాటను ఎవరూ లెక్కచేయరనీ నాకు ఎవరో చెప్పారు. చేరిన నెలకల్లా నాకు ఉర్దూ వచ్చేసిందని నేను నమ్మాను.

మొదటి వారంలోనే ఒక సంగతి నా చెవిన పడింది. బాక్సు ఎత్తాల్సి వచ్చినప్పుడు ఎల్లయ్య పైకి చూసి "హాబిస్" అని అరిచేవాడు. దించాలంటే "ఆరియా" అనేవాడు. అవి నా పుస్తకంలో లేవు. ఏ భాష అని అడిగితే "గోదీ మాటలు సారు, ఓడలమీద అట్లనే అంటరు" అన్నాడు. నాకు అవి మోటుగా, రేవులో కూలీల కేకల్లాగా అనిపించాయి. పైగా కొత్తగా వచ్చిన మోల్డర్లకు అవి అర్థమయ్యేవి కావు. ఒక ఉదయం అందరినీ పిలిచి, ఇకనుంచి ఎత్తడానికి ఉఠావ్, దించడానికి ఉతారో అనాలనీ, అందరికీ తెలిసిన మాటలే వాడాలనీ చెప్పాను. ఎల్లయ్య "అట్లనే సారు" అన్నాడు. ఖాజా తల ఊపాడు. నేను సంతోషించాను. వాళ్ల మనసులో ఏదైనా సందేహం ఉందా అని అడగాలని నాకు తట్టలేదు.

జూలైలో ప్రమాదం జరిగింది. ఒక బుధవారం మధ్యాహ్నం, కొలిమికి గాలి ఊదే బ్లోయరు నడుస్తోంది. ఆ బ్లోయరు నడుస్తున్నంతసేపూ షెడ్డులో పక్క మనిషితో మాట్లాడాలన్నా చెవి దగ్గర అరవాల్సిందే. లేత్ బెడ్డు బాక్సు మూస్తున్నారు. పై బాక్సు కింది బాక్సుకు జానెడు ఎత్తున వేలాడుతోంది. అంచుమీద ఒక ఇసుక పెళ్ల పడి ఉండటం ఎల్లయ్య చూశాడు. ఖాజాకు చేయి చూపించి ఆపి, వంగి, ఆ పెళ్లను తుడవడానికి ఎడమచేయి సందులో పెట్టాడు. అది అతను అంతకుముందు వందలసార్లు చేసిన పనే. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. సందు మరీ తక్కువగా ఉందనిపించింది. ఇంకో అడుగు పైకి లేపితే మంచిదనుకుని, పైకి చూసి నా గొంతుకొద్దీ "ఉఠావ్" అని అరిచాను.

బాక్సు కిందికి దిగింది.

ఎల్లయ్య అరిచిన అరుపు బ్లోయరు మోతను దాటి వినిపించింది. మరుక్షణమే బాక్సు పైకి లేచింది. ఖాజా దించేటప్పుడు ఎప్పుడూ నెమ్మదిగా దించుతాడు కనుక చేయి మొత్తం పోలేదు. రెండు వేళ్లు నలిగాయి. చార్జిమన్ తువ్వాలు చుట్టాడు, ఇద్దరు మోసుకుపోయి కంపెనీ వ్యానులో ఎక్కించారు. ఆ హడావిడిలో కూడా నేను ఒకటి గమనించాను. ఖాజా బాక్సును గాల్లో వదిలిపెట్టి దిగిరాలేదు. పక్కకు నడిపి, ఖాళీ నేలమీద దించి, గొలుసు వదులైందాకా చూసి, స్విచ్చి తీసి, అప్పుడు నిచ్చెన దిగాడు. దిగాక నిచ్చెన మొదట్లోనే కూర్చుండిపోయాడు.

ఆస్పత్రిలో ఎల్లయ్య ఎడమ చిటికెనవేలు సగానికి తీసేశారు. పక్కవేలు నిలిచింది.

నియమం ప్రకారం ప్రమాదం జరిగిన షిఫ్టులోనే అక్కడి అధికారి ప్రమాదాల రిజిస్టరు రాయాలి. అందులో "కారణం" అని ఒక గడి ఉంటుంది. ఎత్తవలసిందిగా స్పష్టంగా ఆదేశించినప్పటికీ క్రేన్ ఆపరేటరు బాక్సును దించడం వల్ల ప్రమాదం జరిగిందని నేను ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాను. అబద్ధం రాస్తున్నానని నాకు తెలియదు. నేను ఏమన్నానో నాకు తెలుసు. అప్పటికి అంతే తెలుసు.

దామోదర్ రావుగారు సాయంత్రం ఖాజాను పిలిపించి వాంగ్మూలం తీసుకున్నారు. నేను అక్కడే ఉన్నాను. ఖాజా నా వైపు చూడకుండా, ఎంతో నెమ్మదిగా అన్నాడు. "సాబ్ ఉతారో బోలే. మై ఉతారా. బస్." వినడంలో పొరపాటు జరిగి ఉండవచ్చా అని ఆయన రెండుసార్లు అడిగారు. ఖాజా అదే మాట చెప్పాడు. పొరపాటు పడ్డానని ఒప్పుకుని క్షమాపణ కాగితం రాసిస్తే హెచ్చరికతో సరిపెడతానని ఆయన సూచనగా అన్నారు. ఖాజా రాయలేదు. విచారణ తేలేదాకా అతన్ని సస్పెండు చేశారు. నేనూ నా మాట మీదే ఉన్నాను. అతను అబద్ధమాడుతున్నాడని నేను అనుకున్నాను. భయంతో ఆడుతున్నాడని సర్ది చెప్పుకున్నాను కూడా.

ఆదివారం ఎల్లయ్యను చూడటానికి ఛత్రినాక వెళ్లాను. బోనాల పండుగ దగ్గరపడింది. గల్లీలో ఇళ్లకు సున్నాలు వేస్తున్నారు. దారి అడిగితే ఒక ముసలావిడ "గోదీ ఎల్లయ్యనా" అని గుమ్మం దాకా వచ్చి చూపించింది. లోపలికి వంగి అడుగుపెట్టేసరికి మంచం మీద ఎల్లయ్య, మంచం పక్కన పీట మీద ఖాజా మియా కూర్చుని ఉన్నారు. మధ్యలో టిఫిన్ క్యారియర్ గిన్నెలు విప్పి ఉన్నాయి. ఖిచ్డీ, చింతపండు ఖట్టా. ఖాజా ఇంటినుంచి తెచ్చాడు. ఎల్లయ్య కట్టు లేని చేత్తో తింటున్నాడు.

నేను గుమ్మంలో ఆగిపోయాను. ఎవరి తప్పువల్ల వేలు పోయిందని నేను రిజిస్టరులో రాశానో, ఆ మనిషి తెచ్చిన అన్నం వేలు పోయిన మనిషి తింటున్నాడు. ఖాజా లేచి నిలబడ్డాడు. సలాం చేశాడు. ఎల్లయ్య భార్య నాకు ఒక స్టూలు వేసింది.

కాసేపు నొప్పి గురించి, మందుల గురించి మాట్లాడుకున్నాం. తర్వాత ఎల్లయ్య గిన్నె పక్కన పెట్టి అన్నాడు. "సారూ, ఒక మాట జెప్త. ఏమనుకోకుర్రి."

చెప్పమన్నాను.

"మీరు ఉఠావ్ అన్నరు. నేను దగ్గర్లనే ఉన్న, మీ మూతి జూసిన, నాకు ఎరుకే. ఖాజా భాయికి ఉతారో అని ఇనవడ్డది. గదీ ఎరుకే. ఇద్దరు అబద్ధం ఆడలే."

"అదెలా కుదురుతుంది?" అన్నాను.

"మీకు ఠ రాదు సారు."

నాకు అర్థం కాలేదు. ఎల్లయ్య ఓపికగా "మిఠాయి అనుర్రి" అన్నాడు. నేను మిఠాయి అన్నాను. అన్నాననుకున్నాను. ఎల్లయ్య భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎల్లయ్య ఖాజా వైపు తిరిగి, సారు ఏమన్నడో చెప్పమన్నాడు. ఖాజా మొదట చెప్పనన్నాడు. "నక్కో, ఎల్లన్నా." ఎల్లయ్య వదల్లేదు. చివరికి ఖాజా, గోడవైపు చూస్తూ, "మిటాయి" అన్నాడు.

"గదీ సంగతి" అన్నాడు ఎల్లయ్య. "మీ నోట్ల అది ఠ కాదు, త కాదు. నడుమ ఇంకేందో ఉంటది. కిందున్నోనికి మీ మూతి జూస్తే సమజైతది. పైనున్నోనికి ఏం గావాలె? ఆ బ్లోయర్ లొల్లిల మొదలు ఒక ఉ, ఎనక ఒక ఆ ఇనవడ్తయి. మిగిలింది మనిషి అందాజగ జోడించుకోవాలె. బాక్సు మూస్తున్నం, పొద్దటిసంది అన్ని దించుడే. సారు ఇంక దించుమనే అంటుండనుకున్నడు."

"నువ్వు చెయ్యి పెట్టింది అతనికి కనిపించలేదా?" అని ఎల్లయ్యను అడిగాను.

ఖాజా అప్పుడు మొదటిసారి నాతో నేరుగా మాట్లాడాడు. "పైనుంచి బాక్సే కనిపిస్తది సాబ్. ఎల్లన్న వీపు కనిపిస్తది. చెయ్యి కనిపియ్యదు. అందుకే గద మాట మీద నడుస్తం." మళ్లీ తనే, "నేను గుడ్డిగ మీ మాట ఇన్న. ఇనుడే నా పని," అన్నాడు.

ఎల్లయ్య వేలిని నేను పట్టించుకున్నానేగాని, తాను దించిన బాక్సు కింద స్నేహితుడి చేయి ఉందన్న సంగతితో ఖాజా ఎలా నిద్రపోతున్నాడో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అది చాలదన్నట్టు అతని మీద అబద్ధాలకోరన్న ముద్ర కూడా వేశాను. ఆ గదిలో కూర్చున్న ఆ పావుగంట నా ఉద్యోగ జీవితంలో అతి పొడవైనది. ఎల్లయ్య భార్య చాయ్ ఇచ్చింది. తాగి లేచాను.

సోమవారం పొద్దున్నే దామోదర్ రావుగారి గదికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆయన నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్న మనిషి. మనిషి నెమ్మది గాని పనిలో గట్టివారు. ఉచ్చారణ బాగాలేదన్న కారణం విచారణ కాగితంలో నిలవదన్నారు. అది అనుమానమే గాని రుజువు కాదన్నారు. అయితే రుజువు చేద్దామని, షాపులోనే పరీక్ష పెట్టమని నేను అడిగాను. ఆయన, ఫలితం నాకు వ్యతిరేకంగా వస్తే నా ప్రొబేషన్ కాగితాల్లో అది చేరుతుందని గుర్తుచేశారు. తెలుసన్నాను.

పరీక్ష గురువారం జరిగింది. సస్పెన్షన్‌లో ఉన్న ఖాజాను విచారణకు హాజరు అని గేటు పాసు రాసి లోపలికి పిలిపించారు. చేతికి కట్టుతో ఎల్లయ్య కూడా సాక్షిగా వచ్చాడు. క్రేనుకు కరెంటు తీసేశారు. ఖాజా క్యాబిన్‌లో పలక పట్టుకుని కూర్చున్నాడు. ఎత్తమన్నట్టు వినిపిస్తే పైకి బాణం, దించమన్నట్టు వినిపిస్తే కిందికి బాణం గీయాలి. దామోదర్ రావుగారు ఒక కాగితం మీద తమకు తోచిన వరసలో ఇరవై ఆదేశాలు రాసి నా చేతికిచ్చారు. బ్లోయరు వేయించారు. నేను ప్రమాదం జరిగిననాడు ఎక్కడ నిలబడ్డానో అక్కడే నిలబడి ఒక్కొక్కటే అరిచాను.

ఇరవైలో ఎనిమిది తప్పాయి.

నాకు ముఖం చెల్లలేదు. అయితే ఆయన అక్కడితో ఆపలేదు. కాగితం తీసుకుని, కోటు విప్పి కుర్చీమీద వేసి, తామే వచ్చి నిలబడ్డారు. ఆయన ఉర్దూలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అదే వరసను కింది నుంచి పైకి చదువుతూ అరిచారు. ఆయనవి నాలుగు తప్పాయి.

పలక చూసి ఆయన దాన్ని నా చేతికిచ్చారు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి ఇంగ్లీషులో అన్నారు, తప్పు మీ నాలుకది కొంతే, మిగిలింది ఆ మాటలదే అని. ఆలోచిస్తే చిన్నపిల్లలకు కూడా తెలిసే విషయం. ఎత్తడానికీ దించడానికీ, ఒకదానికొకటి పూర్తిగా ఎదురైన రెండు పనులకు, ఒకేలా మొదలై దాదాపు ఒకేలా ముగిసే రెండు మాటలు. ఇంట్లో, బజారులో వాటితో ఏ ఇబ్బందీ లేదు. ఆ షెడ్డులో మాత్రం అవి ప్రాణాంతకం.

అప్పుడు ఎల్లయ్య ఆయన దగ్గరికి వచ్చాడు. "దొరా, సెలవిస్తే నా మాటలు కూడ ఒకసారి చూడుర్రి" అన్నాడు. ఏ మాటలని ఆయన అడిగారు. ఎల్లయ్య నా వైపు చూశాడు. నేనే చెప్పాను. హాబిస్, ఆరియా అని వాళ్లు పదకొండేళ్లు వాడిన మాటలున్నాయనీ, ఫిబ్రవరిలో నేనే వాటిని మాన్పించాననీ చెప్పాను. బ్లోయరు మోతలో అది కూడా నేను అరిచే చెప్పాల్సి వచ్చింది. చుట్టూ ఉన్న మోల్డర్లందరూ విన్నారు.

ఎల్లయ్య కట్టు చేతిని గుండెకు ఆనించుకుని, ఇరవై ఆదేశాలూ గోదీ మాటల్లో అరిచాడు. అతనికి చదువు రాదు కనుక చార్జిమన్ చెవిలో చెబుతూ వచ్చాడు. ఒక్కటీ తప్పలేదు. ఈ జంట ఒకరికొకరు అలవాటుపడినవాళ్లు గదా అని దామోదర్ రావుగారు నన్ను అరవమన్నారు. నేనూ అరిచాను. ఒక్కటీ తప్పలేదు. హాబిస్ ముక్కలుగా తెగినట్టు వినిపిస్తుంది, ఆరియా సాగుతుంది. సముద్రపు గాలిలో, అలల మోతలో, పది భాషలవాళ్లు కలిసి పనిచేసే చోట ఎవరో ఎప్పుడో కుదుర్చుకున్న మాటలు అవి. మోటుమాటలని నేను తీసేసింది అటువంటి వాటిని.

ఆ మధ్యాహ్నం ప్రమాదాల రిజిస్టరు తెప్పించాను. అందులో రాసింది చెరపకూడదు, చించకూడదు. చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, పక్కన తేదీ, సంతకం పెట్టి, కింద సవరణ రాయాలి. నేను "స్పష్టంగా" అన్న మాటతో సహా ఆ వాక్యం మొత్తానికి గీత కొట్టాను. కింద, ఆదేశానికి వాడిన మాటలు ఆ మోతలో ఏది ఏదో గుర్తుపట్టలేనివనీ, ఆ మాటలు పెట్టింది నేననీ, ఖలాసీ ఉండగా అతన్ని దాటి ఆపరేటరుకు నేరుగా ఆదేశమిచ్చింది కూడా నేనేననీ, ఆపరేటరు తాను విన్నది చేశాడనీ రాశాను. దామోదర్ రావుగారు చదివి, మరోసారి ఆలోచించుకోమనలేదు. సంతకం పెట్టారు.

ఖాజా మరునాడే పనిలోకి వచ్చాడు. నాకు కృతజ్ఞతలు చెబుతాడని నేను ఎదురుచూడలేదు గాని, మాట్లాడతాడనుకున్నాను. మాట్లాడలేదు. వారం రోజులు సలాం తప్ప ఇంకేమీ లేదు. అతని కోపం నాకు న్యాయంగానే తోచింది. క్షమాపణ రాయి, వదిలేస్తామని మేమే అడిగాం గదా. రాసి ఉంటే మా పని సులువయ్యేది, అసలు కారణం ఎవరికీ తెలిసేది కాదు. మరో నెలకో ఏడాదికో అదే తప్పు మళ్లీ జరిగేది. ఆ మొండితనానికి షాపు మొత్తం అతనికి రుణపడి ఉందని నేను ఒకరోజు చాయ్ దగ్గర అతనితో అన్నాను. ఖాజా సాసరులో చాయ్ పోసుకుంటూ, తల ఎత్తకుండా, "ఠండా అనుర్రి సాబ్" అన్నాడు. నేను అన్నాను. "ఊహూఁ. మళ్ల." ఆ రోజునుంచి చాయ్ తాగే పది నిమిషాలూ ఖాజా నాకు ఠ నేర్పేవాడు. నాలుక వెనక్కి మడిచి గాలి ఎలా వదలాలో, అరచెయ్యి నోటిముందు పెట్టి గాలి తగులుతోందో లేదో ఎలా చూసుకోవాలో చూపించాడు. పుస్తకంలో అదేదీ లేదు. ఆర్నెల్లకు నాకు ఠ వచ్చింది. క్రేను కింద మాత్రం దాన్ని ఎప్పుడూ వాడలేదు.

దామోదర్ రావుగారు, నేను, ఖాజా, ఎల్లయ్య నలుగురం కూర్చుని కొత్త పద్ధతి రాశాం. క్రేనుకు ఆదేశం ఇచ్చేవాడు ఒక్క ఖలాసీయే. అతను గుర్తుగా చేతికి ఎర్రపట్టీ కట్టుకోవాలి. వర్క్స్ మేనేజరైనా సరే, చెప్పాలనుకున్నది ఖలాసీకి చెప్పాలి. మాటతోపాటు చేతి సంజ్ఞ తప్పనిసరి. ఒక్క "బస్" అన్న మాట మాత్రం ఎవరైనా అనవచ్చు. హెల్పరు అన్నా క్రేను ఆగాలి. ఇవన్నీ సులువుగానే ఒప్పుకున్నారు.

చివరిదాని దగ్గర పేచీ వచ్చింది. ఆదేశం విన్నాక, కదిలే ముందు, ఆపరేటరు తాను విన్నది తిరిగి చెప్పాలని నేనన్నాను. పైనుంచి అరిస్తే కిందికి వినిపించదు కనుక కాలితో తొక్కితే మోగే గంట వాడాలి. ఎత్తబోతుంటే ఒకసారి, దించబోతుంటే రెండుసార్లు. ఖాజా ముఖం ముడుచుకున్నాడు. "ప్రతిసారి గంట కొట్టనీకి నేనేమన్న పూజారినా సాబ్?" అన్నాడు. పదకొండేళ్లుగా ఒక్క మాట మీద పనిచేసిన మనిషికి, నువ్వు విన్నది మళ్లీ చెప్పు అనడం అవమానంగా తోచింది. నేను ఎలా ఒప్పించాలా అని చూస్తుంటే ఎల్లయ్య కట్టు విప్పిన చేయి ముందుకు చాపి చూపించాడు. "కొట్టు భాయ్. ఉన్నయన్న మిగుల్తయి" అన్నాడు. ఖాజా ఆ చేతిని చూశాడు. ఇంక వాదించలేదు.

గంట వల్ల పని మందగిస్తుందని చార్జిమెన్ గొణిగారు. నిజమే, మొదటి రెండు వారాలు మందగించింది. తర్వాత ఎవరూ గమనించలేదు. డిసెంబరులో ఒకరోజు పోత పోస్తుండగా పొగ కమ్మేసింది. ఎల్లయ్య గొలుసులకు వేలాడుతున్న ఒక నిండు బాక్సును ఇంకా ఎత్తమని చెయ్యి చూపించి అరిచాడు. బాక్సు అంచు కిందికి వంగి ఇద్దరు మోల్డర్లు పనిచేస్తున్నారు. పొగలో చెయ్యి సరిగ్గా కనిపించలేదో, ఇంకేదో, పైనుంచి గంట రెండుసార్లు మోగింది. ఎల్లయ్య వెంటనే "బస్" అన్నాడు. క్రేను కదలలేదు. ఎల్లయ్య మళ్లీ చెప్పాడు. ఈసారి గంట ఒకసారి మోగింది, బాక్సు లేచింది. వంగి ఉన్న ఇద్దరికీ తమ పక్కన ఏదో జరిగిందన్న సంగతే తెలియదు. జరగని ప్రమాదాన్ని రాయడానికి రిజిస్టరులో గడి లేదు కనుక నేను కూడా ఎక్కడా రాయలేదు. షిఫ్టు అయ్యాక ఖాజా నిచ్చెన దిగి, చెప్పులు తొడుక్కుని, ఎల్లయ్య భుజం మీద చెయ్యి వేసుకుని గేటువైపు నడిచాడు. వాళ్ల వెనకే నేనూ నడిచాను.

నా ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు. కారణంగా రిజిస్టరులో నేను రాసిన సవరణనే చూపించారు. అది సరైన నిర్ణయమేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఆ తర్వాత మూడు కర్మాగారాల్లో ఇరవై ఆరేళ్లు పనిచేసి, వర్క్స్ మేనేజరుగా విరమించాను.

ఈ సంఘటన నేర్పింది ఇది. ఆదేశం ఇచ్చినవాడి బాధ్యత మాట నోరు దాటడంతో తీరదు, అవతలి మనిషి దాన్ని ఏమని విన్నాడో తెలిసేదాకా అది అతని మీదే ఉంటుంది. పని జరిగే చోట ఆ పనివాళ్లు కుదుర్చుకున్న మాటలకు ఏదో ఒక కారణం ఉంటుంది, ఆ కారణం అడగకుండా వాటిని మార్చకూడదు. ఇక మూడోది, నేను రోజూ వాడుకున్నది. ఆ జూలై తర్వాత నేను ఎవరినీ "అర్థమైందా?" అని అడగలేదు. ఆ ప్రశ్నకు కిందివాడు ఎప్పుడూ అవుననే అంటాడు. "ఇప్పుడు ఏం చేయబోతున్నావో చెప్పు" అని అడిగేవాణ్ణి.